పదకొండో ఎత్తు

గడియారం మీట నొక్కి, చెయ్యి వెనక్కి తీసుకుని, కాగితం మీద పదకొండో ఎత్తు రాయబోయింది ఆమె. రాయడానికి పెద్దగా ఏమీ లేదు, రెండు సున్నాలు, వాటి మధ్య ఒక చిన్న గీత. రాజును మూలకు జరిపి పక్కన ఏనుగును కాపలా పెట్టి కోట కట్టుకున్నామని చెప్పడానికి చదరంగం ఆడేవాళ్ళు అంతకంటే సిరా ఖర్చు పెట్టరు. మొదటి సున్నా చుట్టింది, గీత గీసింది, రెండో సున్నా సగంలో ఉండగా కళ్ళు ఎందుకో బోర్డు మీదికి పోయాయి. రాజు ఉండవలసిన చోట ఉన్నాడు. ఏనుగు ఉండవలసిన చోట ఉంది. ఎఫ్ వరసలోని బంటు మాత్రం ఆట మొదలైనప్పుడు ఎక్కడుందో ఇంకా అక్కడే ఉంది. అది అక్కడ ఉండకూడదు. అది ఈపాటికి రెండు గళ్ళు ముందుకు వెళ్ళి ఉండాలి, ఎందుకంటే అవతలివాడి తెల్ల శకటు చాలాసేపటి నుంచి ఏటవాలుగా ఒకే దారిని కనిపెట్టుకుని కూర్చుంది, ఆ దారి చివర ఉన్నది ఆమె రాజు ఇల్లు, ఆ దారికి ఉన్న ఒకే ఒక్క తలుపు ఆ బంటు. ముందు తలుపు వెయ్యాలి, తర్వాత ఇంట్లోకి వెళ్ళి పడుకోవాలి. ముప్ఫై ఆరేళ్ళుగా అదే వరస. ఇవాళ తలుపు బార్లా తెరిచి పెట్టి, లోపలికి వెళ్ళి, దుప్పటి కప్పుకుంది. సగంలో ఆగిన సున్నాను ఎలాగో పూర్తి చేసింది, అది కోడిగుడ్డులా వచ్చింది.

పొరపాటు, అంతే, పొరపాటు ఎవరికి జరగదు, అనుకుంది, కానీ ఆ మాట ఆమెకే నప్పలేదు. ఈ టోర్నమెంటుల్లో తిరిగేవాళ్ళు ఆమెను గోడ అంటారు. వెనకాల అంటున్నామనుకుంటారు గాని ఆమె ఎదుటే అంటారు, ఆమెకూ ఆ పేరు ఇష్టమే. గోడ మీద గెలవలేరు, గోడ కూడా ఎవరి మీదా గెలవదు, ఎంత తోసినా చివరికి తలా అర పాయింటు తీసుకుని ఇంటికి పోవలసిందే. నాలుగు రోజుల పోటీలో ఏడు ఆటలు ఆడితే ఆరు డ్రాలు చేసే మనిషిని చూసి కుర్రకారు ఆవులిస్తారు, ఆవులించనీ, ఆమెకు ఆ తలుపు వేసిన చప్పుడు వినడమే సుఖం. అలాంటి మనిషి ఎత్తుల వరస తప్పింది. లెక్క తప్పితే ఇంత భయం వేసేది కాదు, లెక్కలు ఎప్పుడూ తప్పుతూనే ఉంటాయి, వయసు యాభై అయిదు, మధ్యాహ్నం పూట, కిటికీల్లోంచి ఎండ నేరుగా కళ్ళలోకి. ఇది లెక్క కాదు. ఇది ఆలోచించకుండా చెయ్యి తనంతట తాను చేసే పని, చెప్పులు విడవడం లాంటిది. చెయ్యే మరిచిపోయిందా? ఇంకెవరైనా అయితే ఈ ఆట పోతుందేమోనని భయపడతారు. ఆమె భయపడింది దానికి కాదు.

ఈ ఆరంభానికి పుస్తకాల్లో ఫ్రెంచ్ డిఫెన్స్ అని పేరు, వాళ్ళింట్లో మాత్రం దాని పేరు అక్క ఆట. అక్క ఏడేళ్ళు పెద్ద, మందుల షాపులో పని. జ్వరాల వాళ్ళూ దగ్గుల వాళ్ళూ వచ్చిపోయే మధ్యలో, షాపు వెనక గదిలో ఖాళీ అట్టపెట్టె బోర్లించి దాని మీద బోర్డు పరిచి నేర్పింది. గుర్రాలను పట్టుకుంటే అక్క వేళ్ళకు ఎప్పుడూ స్పిరిటు వాసన. శకటు ఎక్కడికి చూస్తోందో కనిపెట్టాలి, మనిషి చూపు కనిపెట్టినట్టే, అనేది. ముందు తలుపెయ్యవే పొట్టీ, తర్వాత పడుకుందువుగాని, అనేది, అప్పటికి ఆమె పొట్టి కాదు, అక్కకంటే బెత్తెడు ఎత్తు, అయినా పొట్టే. బయట ఎవరో గంట కొట్టేవాళ్ళు, అక్క లేచి వెళ్ళి దగ్గుమందు ఇచ్చి, చెంచా ఎన్ని పూటలో చెప్పి, తిరిగొచ్చి కూర్చుని బోర్డు చూడకుండానే నువ్వు గుర్రం కదిపావు కదూ అనేది. అంత జ్ఞాపకం ఆ మనిషిది. మూడొందల మందులు ఏ అరలో ఎన్నో డబ్బాలో కళ్ళు మూసుకుని చెప్పేది. ఇప్పుడు ఆ మనిషి మూడో అంతస్తు వాటాలో కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, ఎదురింటావిడ పక్కనే కూర్చుని ఏదో అల్లుతూ ఉంటుంది, ఆరు దాకా చూసుకుంటానంది పాపం, ఆరు దాటితే ఆవిడకూ ఇల్లుంది.

అక్కకు మరుపు మరుపులా రాలేదు, అదే ఎవరికీ అర్థం కాలేదు. పేర్లు మరవలేదు, ముఖాలు మరవలేదు, ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరికి ఏ మందు పడలేదో కూడా చెప్పేది. తప్పింది వరస. ఒకరోజు ఉదయం వంటింట్లో చూస్తే పొయ్యి వెలుగుతోంది, పాలు పొయ్యి మీదే పోసింది, గిన్నె చేతిలో ఉంది. పాలున్నాయి, మంట ఉంది, గిన్నె ఉంది, అన్నీ ఉన్నాయి, ఒకటి ముందు రావలసింది తర్వాత వచ్చింది, అంతే. ఇద్దరూ ఎంత నవ్వారో. నవ్వి నవ్వి అక్క కళ్ళు తుడుచుకుంది, ముసలిదాన్నయిపోయానే పొట్టీ అంది. ఆ తర్వాత కోటు తొడుక్కుని దాని మీద చొక్కా వేసుకోబోయింది. ఆ తర్వాత తాళం వేసి, తాళం చెవిని తలుపు కింద నుంచి లోపలికి తోసేసి, బస్సు కోసం వెళ్ళి నిలబడింది. అప్పుడు అక్కకు యాభై ఏడు. యాభై ఏడులోంచి యాభై అయిదు తీసేస్తే రెండు. ఈ లెక్క ఆమె ఈ మధ్య చాలాసార్లు చేసింది, పళ్ళు తోముకుంటూ, బస్సులో, దుకాణంలో అద్దాలు తుడుస్తూ, ఎన్నిసార్లు చేసినా రెండే వచ్చింది.

దుకాణం అంటే ఆమెది కళ్ళజోళ్ళ దుకాణం, పనిలో దిట్ట అని పేరు. పోయిన నెల ఒక టైలరుకు కుడి అద్దం ఎడమ పక్క, ఎడమ అద్దం కుడి పక్క బిగించి ఇచ్చింది. ఆయన రెండు రోజులు అలాగే పెట్టుకుని తిరిగి, సూదిలోకి దారం ఎక్కడం లేదమ్మా, నాకేదో అయింది, అని భయపడుతూ వచ్చాడు. మీకేం కాలేదు బాబాయ్ గారూ, నాదే తప్పు, అని నవ్వుతూ మార్చి ఇచ్చింది. ఆయన వెళ్ళాక వెనక గదిలోకి వెళ్ళి చాలాసేపు స్టూలు మీద కూర్చుంది. అక్కను చూసే డాక్టరు ఒకసారి, తల ఎత్తకుండానే, కొన్ని ఇళ్ళల్లో ఇది ఒకరితో ఆగదు, మీరూ ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది, అని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ వంటింటి సొరుగులో, తీగలూ రబ్బరు బ్యాండ్లూ ఉండే సొరుగులో, అడుగున ఉంది. చేయించుకోలేదు. చేయించుకుని ఏం చెయ్యాలి? అక్కకు అన్నం తినిపించేది ఆమె, స్నానం చేయించేది ఆమె, రెండో మనిషి లేదు. ఆమె కూడా పాలు పొయ్యి మీద పోసే రోజు వస్తే ఆ ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఎవరి ముఖం ఎవరు చూసుకోవాలి, మంట ఎవరు ఆర్పాలి? అది తలచుకున్నప్పుడల్లా ఆమెకు వణుకు వస్తుంది, తన కోసం కాదు, నిజంగా తన కోసం కాదు. అందుకే చదరంగం మానలేదు. నా పరీక్ష నేనే చేసుకుంటాను, ఈ ఆరంభం చేతికి వస్తున్నంతకాలం నా తల నా దగ్గరే ఉన్నట్టు, అని ఒక ఒప్పందం. ఎవరితో చేసుకుందో తెలియదు.

పళ్ళ డాక్టరు ఇంకా ఆలోచిస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నది పళ్ళ డాక్టరని పొద్దున ఆటలు పర్యవేక్షించే ఆర్బిటరే చెప్పాడు, ఇవాళ మీకు పళ్ళ డాక్టరు పడ్డాడమ్మా, జాగ్రత్త, మత్తు ఇవ్వకుండా పీకేస్తాడు, అని. నలభై దాటిన మనిషి, గుండ్రటి ముఖం, గోళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో. పది ఎత్తులదాకా చకచకా వేశాడు, ముందే అనుకుని వచ్చినట్టు. పదకొండో ఎత్తుకు ఆమె కోట కట్టగానే ముందుకు వంగి, రెండు చేతులతో తల పట్టుకుని, అలాగే ఉండిపోయాడు. గడియారంలో ఆయన వైపు గంటా పన్నెండు నిమిషాలు ఉండేది, ఇప్పుడు యాభై రెండు. చూశాడు. చూడకపోతే ఇంతసేపు ఎందుకు? ఆ శకటు వైపు చూడకూడదు, అటు చూస్తే ఆయనా అటు చూస్తాడు, అని ఆమె బోర్డుకు అవతలి మూల, ఏమీ లేని చోట, ఒక బంటు వైపు శ్రద్ధగా చూస్తూ కూర్చుంది. ఇది వ్యాయామశాల, టోర్నమెంటు కోసం బల్లలు వేశారు, నేల మీద బాస్కెట్‌బాల్ గీతలు బల్లల కింద నుంచి వంకర తిరుగుతూ పోతున్నాయి, పైన వల లేని రింగు. నలభై బల్లలు, ఎనభై మంది, తుమ్ము వచ్చినా మింగేసుకునే నిశ్శబ్దం. ఎక్కడో కుర్చీ కాలు కీచుమంది.

శకటు వచ్చి రాజు పక్క బంటును కొడుతుంది, చెక్. రాజు శకటును తీసుకుంటాడు, తీసుకోక ఏం చేస్తాడు. గుర్రం దూకుతుంది, మళ్ళీ చెక్. రాజు వెనక్కి వెళితే మంత్రి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది, ఇక చెప్పుకోవడానికేమీ లేదు. వెనక్కి వెళ్ళకుండా ముందుకు నడిస్తే? నడిబజారులోకి ఒంటరిగా రాజు. అక్కడా దారి లేదు, నాలుగు ఎత్తులు, అక్క అట్టపెట్టె మీద చూపించింది, పారిపోయేవాడు ఎదురు పరిగెడితే ఇంకా త్వరగా దొరుకుతాడే అంది. ఆమె మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది, శకటు, చెక్, రాజు, గుర్రం, చెక్. మళ్ళీ. ప్రతిసారీ అదే చోటికి వచ్చి చేరుతోంది. వేసెయ్యరాదూ, అనిపించింది ఒక్కసారిగా, వేసెయ్యి నాయనా, పీకెయ్యి, తెలిసిపోతుంది. వెంటనే వద్దు వద్దు అని లోపల ఎవరో దండం పెడుతున్నారు. ఆయన అలా శకటును బలి ఇవ్వకపోతే అది తప్పు కాదేమో, ఈ వరస కూడా నడుస్తుందేమో, చెయ్యి మరిచిపోలేదేమో, చెయ్యికి తెలిసే చేసిందేమో. తనను తాను ఇలా బుజ్జగించుకోవడం ఆమెకు సిగ్గనిపించింది, అయినా బుజ్జగించుకుంది.

లేచింది. అవతలివాళ్ళు ఆలోచిస్తున్నప్పుడు లేచి తిరగొచ్చు, తప్పులేదు. వరండాలో నీళ్ళ కూజా, కాగితపు గ్లాసులు, గోడకు ఎవరితో ఎవరు ఆడాలో రాసిన జాబితా. నీళ్ళు తాగుతూ తనకు తాను పరీక్ష పెట్టుకుంది. ఇరవై రెండో ఏట ఆడిన మొదటి పెద్ద టోర్నమెంటు, మొదటి ఆట, చెప్పు. చెప్పింది. ఎత్తు తర్వాత ఎత్తు, నలభై మూడు, చివర రెండు ఏనుగుల డ్రా, అవతలివాడు చొక్కా జేబులో దువ్వెన పెట్టుకునేవాడు. రెండో ఆట? అదీ వచ్చింది. మందుల షాపు వెనక గది గోడ రంగు? లేత ఆకుపచ్చ, కింద పెచ్చులూడిన చోట ముందరి రంగు నీలం. ఎంత హాయిగా అనిపించిందంటే గ్లాసు పట్టుకుని ఒక్కతే నవ్వుకుంది. నవ్వుతుండగానే గుర్తొచ్చింది, ఇవన్నీ అక్కకూ గుర్తే. అక్క ఇవాళ్టికీ ఆ నలభై మూడు ఎత్తులూ చెప్పగలదు, పొద్దున ఏం తిన్నదో చెప్పలేదు. సరే, పొద్దున నేనేం తిన్నాను? రొట్టె, టీ. నిన్న? రొట్టె, టీ. రోజూ అదే తినేవాళ్ళు ఇలాంటి పరీక్షకు పనికిరారు. గ్లాసు నలిపి బుట్టలో వేసి లోపలికి నడిచింది, దూరం నుంచి తన బల్ల కనిపించింది, ఆయన అదే భంగిమలో ఉన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.

గడియారంలో ఇరవై అయిదు. నలభై ఏడు నిమిషాలు. ఆయన చెయ్యి లేచింది. శకటు మీదికి వచ్చింది, వేళ్ళు దాని తలకు వెంట్రుకవాసి దూరంలో ఆగాయి, ముట్టుకుంటే ఆడి తీరాలి. ఆమెకు పంటి చిగురు దాకా జిల్లుమంది. చెయ్యి వెనక్కి పోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, చాలాసేపు, ఎక్స్‌రే చూసినట్టు, ఆమె గోడ, గోడ ముఖంలో ఏం కనపడుతుంది. పెదవి కొరుక్కున్నాడు. చివరికి బోర్డు అంచున ఉన్న ఒక బంటును ఒక్క గడి, ఒకే ఒక్క గడి, ఎవరికీ అక్కర్లేని చోట ముందుకు నెట్టి, డ్రా, మేడమ్? అని గొంతు తగ్గించి అడిగి గడియారం నొక్కాడు. ఆమెకు ఒక క్షణం మాట అర్థం కాలేదు. తలుపు ఇప్పుడు వేసుకోవచ్చు, ఒక్క ఎత్తులో వేసుకోవచ్చు, ఆట సాగించొచ్చు. చెయ్యి చాపింది. ఆయన చెయ్యి చెమటతో తడిసి ఉంది. డ్రా అయితే ఇద్దరు రాజులనూ బోర్డు నడిమధ్యకు తెచ్చి పక్కపక్కన నిలబెట్టాలి, ఆర్బిటరుకు గుర్తు. ఆమె నల్ల రాజును తెచ్చింది, ఆయన తెల్ల రాజును తెచ్చాడు. కాగితం మీద అర అని రాసి సంతకం చేసింది, సంతకం ఎప్పటిలాగే వచ్చింది. చూడలేదు, అనుకుంది. నలభై ఏడు నిమిషాలు చూసి కూడా ఏమీ దొరకలేదు ఆయనకు, అంటే అక్కడ ఏమీ లేదు, నేనే ఊరికే హడలిపోయాను. ఏడుపు వచ్చేంత సంతోషం వేసింది. ఇంటికి వెళ్ళి అక్కకు చెప్పాలి, అక్కకు అర్థం కాకపోయినా చెప్పాలి.

ఆట అయిపోయినవాళ్ళు మాట్లాడుకోవడానికి పక్క గదిలో బల్లలు వేశారు. పళ్ళ డాక్టరు ముందే వెళ్ళి నిలబడే పావులు పేర్చుతున్నాడు, ఆమెను చూడగానే కుర్చీ లాగి వేశాడు.

"నలభై ఏడు నిమిషాలు చంపేశారండీ నన్ను. ఆ శకటును బలి ఇస్తే ఏం చేద్దామనుకున్నారు? నాకైనా చెప్పండి."

"ఎందుకు చెప్తాను, ఇంకోసారి పనికొస్తుంది," అంది ఆమె. గొంతులో హుషారు ఆమెకే వినిపించింది.

"అదే అనుకున్నా. ఏదో కొత్తది కనిపెట్టుకుని వచ్చారు, కదిపితే అయిపోతాను అని. లేకపోతే మీరే నాకు చూపించిన గోతిలో మీరెందుకు దూకుతారు?"

"నేనా చూపించాను?"

"ఇంకెవరు? వేసవిలో, ఆ టౌన్‌హాల్ టోర్నమెంటులో, మనిద్దరిదీ ఇదే ఆట కదా. అప్పుడు పదకొండో ఎత్తుకి బంటు నెట్టారు, ఇరవైకల్లా డ్రా. ఆ తర్వాత క్యాంటీన్లో కూర్చోబెట్టి రెండు గంటలు పాఠం చెప్పారు. బంటు నెట్టకుండా కోట కడితే ఏమవుతుంది, రాజు ముందుకు పారిపోతే ఎలా దొరుకుతాడు, అన్నీ. మీ అక్కగారు నేర్పిన ఆట అని కూడా చెప్పారు. అన్నట్టు అక్కగారికి ఎలా ఉందిప్పుడు? మిమ్మల్నైనా గుర్తుపడుతున్నారా?"

ఆమె ఆయన ముఖం వంక చూసింది. గుండ్రటి ముఖం, కళ్ళ కింద చిన్న ముడతలు, ఎడమ కనుబొమ్మలో ఒక తెల్ల వెంట్రుక. కళ్ళజోళ్ళ పని చేసేవాళ్ళు ఒకసారి చూసిన ముఖాన్ని మరవరు, ముక్కు వంపూ చెవుల ఎత్తూ కొలతల్లా ఉండిపోతాయి. ఆ ముఖాన్ని వేసవిలో పెట్టి చూసింది, టౌన్‌హాల్లో పెట్టి చూసింది, క్యాంటీన్ బల్లకు అవతల పెట్టి చూసింది. టౌన్‌హాల్ ఉంది. మెట్లున్నాయి. క్యాంటీన్లో బల్ల ఉంది, దాని మీద మూత లేని ఉప్పు సీసా ఉంది. అవతల కుర్చీ ఖాళీగా ఉంది. అక్క సంగతి ఆమె బయట ఒక్కరికి కూడా చెప్పలేదు. చెప్పలేదని ప్రమాణం చేసి చెప్పగలదు. గదిలో ఎవరో గట్టిగా నవ్వారు, ఇంకెవరో అబ్బే, అక్కడ గుర్రం కాదండీ, అన్నారు. ఆమె ఆయన వేసిన కుర్చీలో కూర్చుంది.

ఆయన తల వంచుకుని పావులు సర్దుతూనే ఉన్నాడు. "ఆ రోజు చివర్లో మీరన్న మాట మా క్లినిక్కులో అందరికీ చెప్పి నవ్వించాను. నేను గనక ముందు కోట కట్టానంటే ఆ రోజుతో నా పని అయిపోయినట్టే డాక్టర్ గారూ, అన్నారు. అబ్బ, గోడ పొగరు చూడండి అన్నాను. అది గుర్తొచ్చే ఇవాళ చెయ్యి వెనక్కి తీసుకున్నా. ఇది ఉచ్చు కాకపోతే ఇంకేమవుతుంది, అని."

"డాక్టర్ గారూ," అంది ఆమె. "నాకు మీరు గుర్తులేరు."

"భలేవారే మేడమ్," అని ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే శకటును ఎత్తి దాని గడిలో పెట్టబోయాడు. పెట్టలేదు. శకటును వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని, ఇప్పుడే తను చెప్పిన మాటను తనే మళ్ళీ విన్నవాడిలా, నెమ్మదిగా తలెత్తి ఆమె వంక చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"కూర్చోండి," అంది ఆమె. "ఆ రోజు నేను ఇంకా ఏమేం చెప్పాను?"